ముగ్గుపిండి పలక మీద మా అత్త కారం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. ఇదేదో తాతల కాలం ముచ్చట అనుకోకండి, చేతిలో ఫోను, ఫోనులో వాట్సాప్ ఉన్న కాలమే. మనిషి తెలివితక్కువగా ఉండాలంటే పాతకాలంలోనే పుట్టాలన్న నియమం ఏమీ లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా చేతికొచ్చి ఏడాది తిరగలేదు, దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, అప్పుడే జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా మాత్రలో ఉన్న అణువు బొమ్మ గీసి చూపించేదాన్ని (తలనొప్పి తగ్గేది కాదు, పెరిగేది). మా అమ్మ "జర ఉప్పు అందియ్యే" అంటే "ఏ ఉప్పమ్మా? ఉప్పులు మస్తు రకాలుంటయ్" అనేదాన్ని. "గీ పిల్లను చదివిచ్చినందుకు మనకు చప్పిడి కూర రాసిపెట్టి ఉన్నది" అని మా నాయిన చెయ్యి చాచి ఉప్పు డబ్బా తానే తీసుకునేవాడు. అంతటి మేధావి చేతిలో మా మేనత్త తన పరువు పెట్టింది. ఆ పరువును నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా.

మా మేనత్త అంటే మా నాయిన చెల్లెలు. దంతాలపల్లి మండలంలో ఒక ఊరు. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డులో కారం గిర్ని. మామ పోయాక ఆ ఇల్లు ఆ గిర్ని మీదే నడిచేది. మిర్చి పండే నేల కాబట్టి కాయకు కొదవ లేదు. కానీ కాయను ఏరి, తొడిమ తీసి, ఎంత ఎండాలో అంతే ఎండబెట్టి, మర వేడెక్కకుండా ఆపి ఆపి పట్టించడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు చుట్టుపక్కల లేరు. మామిడికాయ తొక్కు పెట్టే రోజులొచ్చాయంటే ఊరు ఊరంతా డబ్బాలు పట్టుకుని ఆ షెడ్డు ముందు నిలబడేది. ఆమె కారంతో పెట్టిన తొక్కు ఏడాది చివరన కూడా కొత్తగానే ఉంటుందని పేరు. ఆ పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు.

అలాంటి అత్త ఒకరోజు ఫోన్ చేసింది. గొంతు ఎప్పటిలా లేదు.

"బిడ్డా, నా కారం మీద మాట వచ్చిందే."

"ఎవరన్నరు అత్తమ్మా?"

"ఎవలో అంటె నేను పట్టించుకోకపోదు. సంఘం లీడరమ్మనే అన్నది. ఫోన్ల ఏందో వీడియో చూసిందట. గిలాసల నీళ్ళు పోసి నా కారం ఏసిందట. నీళ్ళు ఎర్రగైనయట. ఇగ నేను రంగు కలుపుతున్ననని వాడకంత చాటింపేసింది. గీ నడుమ మైకు పెట్టుకోని ఒక ఆటో వస్తున్నది, ఎర్రగ నిగనిగలాడే కారం అమ్ముతున్నడు. సంఘపోళ్ళందరు ఈసారి తొక్కుకు గదే కొంటమంటున్నరు."

లీడరమ్మ అంటే ఆ ఊరి మహిళా సంఘం నాయకురాలు. ఊళ్ళో ఎవరింట్లో ఏ కూరగిన్నె పొయ్యి మీదికి ఎక్కాలన్నా ఆమె మాట ఒకటి ఉండేది. ఆమె అవునంటే నలభై ఇళ్ళు అవునన్నట్టే, ఆమె కాదంటే గిర్నికి తాళం పడ్డట్టే.

"నువ్వు గా సైన్సు చదివినవ్ గదనే బిడ్డా. నా కారంల ఏమున్నదో చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వు చెప్తె నమ్ముతమన్నరు" అంది అత్త.

నిజం చెప్పొద్దూ, అత్త కష్టం విని నాకు బాధ కలగాలి. కలిగింది కూడా, కాకపోతే రెండో వరుసలో. మొదటి వరుసలో కలిగింది గర్వం. నలభై ఇళ్ళు నా మాట నమ్ముతాయట! "నువ్వు పరేషాన్ గాకు అత్తమ్మా, టీఎల్సీ చేస్త" అన్నాను. ఆమె దాన్ని ఏదో దవాఖాన పరీక్ష అనుకుని "నొప్పి లేకుంట చెయ్యి" అంది.

మీలో కెమిస్ట్రీ చదవని అదృష్టవంతుల కోసం రెండు మాటలు. టీఎల్సీ అంటే పలుచని పొర మీద రంగుల్ని విడదీయడం. ఒక గాజు పలక మీద తెల్లటి పొడిని పలుచగా పూసి ఆరబెడతారు. కింది అంచుకు కాస్త పైన కారం సారం ఒక చుక్క పెడతారు. అడుగున కొంచెం ద్రావణి పోసిన గాజు సీసాలో ఆ పలకను నిలబెట్టి మూత పెడతారు. ద్రావణి పొర గుండా పైకి పాకుతూ చుక్కలోని రంగుల్ని తనతో తీసుకుపోతుంది. ఇప్పుడు పెళ్ళి ఇంటి నుంచి బయల్దేరిన చుట్టాల్ని ఊహించుకోండి. పొర అంటే "తిని పోదురు, ఉండుండ్రి" అని చెయ్యి పట్టి ఆపే ఇంటావిడ. ద్రావణి అంటే బయట హారన్ కొడుతున్న బస్సు. ఇంటి మీద మమకారం ఎక్కువున్న చుట్టం గుమ్మంలోనే ఆగిపోతాడు, లేనివాడు బస్సుతో చివరి దాకా పోతాడు, మిగతావాళ్ళు నడుమ నడుమ. అలా ఒక్క చుక్క నాలుగైదు మచ్చలుగా విడిపోతుంది. ఇంటావిడ పట్టు, బస్సు లాగుడు సరిగ్గా కుదిరితేనే ఈ ముచ్చట. ఇంటావిడ ఎవరినీ ఆపలేని మనిషైనా, బస్సు అందర్నీ ఎత్తుకుపోయే రకమైనా పెళ్ళివారంతా ఒకేచోట గుంపుగా దొరుకుతారు. ఇదంతా నేను తరగతిలో నల్లబల్ల నిండా రాసి చెప్పినదే. చెప్పడానికీ తెలియడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో అప్పటికి ఇంకా తెలియదు.

రెండు రోజుల్లో అత్త కారం ఒక స్టీలు డబ్బాలో, లీడరమ్మ పంపిన ఆటో కారం ఒక కవరులో బస్సు కండక్టర్ చేతి మీదుగా జనగామ వచ్చాయి. ల్యాబులో చూస్తే పలక మీద పూసే ఆ తెల్లపొడి, సిలికా జెల్, నిండుకుంది. మా అటెండరన్న (కాలేజీ కంటే వయసులో పెద్దవాడు, ల్యాబు తాళాలన్నీ ఆయన నడుముకే ఉండేవి) ఖాళీ డబ్బా బోర్లించి చూపించాడు.

"ఇండెంటు పెట్టి మూడు నెలలాయె మేడం. ప్రిన్సిపాల్ సారు సంతకం చెయ్యలె."

"మరెట్లన్నా? ఊరోళ్ళు ఎదురుచూస్తున్నరు."

"తెల్లపిండే గద మేడం మీకు కావల్సింది? మా ఇంట్ల ముగ్గుపిండి ఉన్నది. జర గంజి కలిపితె అద్దానికి మంచిగ అతుక్కుంటది."

వద్దనాల్సిన చోట నేను చప్పట్లు కొట్టాను. పల్లెటూరి వనరులతో శాస్త్రప్రయోగం! దీని మీద ఒక వ్యాసం రాయొచ్చు అని కూడా అనుకున్నాను (శీర్షిక రాశాను, వ్యాసం రాయలేదు). మర్నాడు అన్న తెచ్చిన ముగ్గుపిండిని వస్త్రగాళితం పట్టి, గంజి కలిపి గాజు పలకల మీద పోస్తే, ఒట్టు, దుకాణంలో కొన్నవాటికంటే అందంగా వచ్చాయి. ఇక ద్రావణి. ల్యాబులో నిండుగా ఉన్నది అసిటోన్ ఒక్కటే. పైగా అది కారాన్ని క్షణంలో కరిగిస్తుంది. బాగా కరిగించేది బాగా విడదీస్తుంది కదా అని నా తర్కం. అంటే ఎవరినీ ఆపలేని ఇంటావిడకు అందర్నీ ఎత్తుకుపోయే బస్సును జతచేశానన్నమాట. రెండు నిమిషాల్లో అత్త కారం మొత్తం పలక పైఅంచుకు చేరి ఎర్రగా ఒకే గీతలా నిలబడింది.

"ఒక్కటే మచ్చ! ఒక్క మచ్చ అంటే ఒక్కటే పదార్థం. కల్తీ లేదు" అని ఫోనులోనే ప్రకటించాను. అత్త ఆ మాట ఊరంతా చెప్పుకుంది. ఆ ఆనందం ఒక్క పూటే నిలిచింది, ఎందుకంటే సాయంత్రం ఆటో కారం కూడా పరీక్షించాను. అది కూడా ఒక్కటే మచ్చ, ఆ మాటా అత్తకు ఫోనులో చెప్పేశాను. అటెండరన్న ఊరికే ఉండక బోర్డు మీద రాసే ఎర్ర మార్కర్‌తో మూడో పలక మీద చుక్క పెట్టాడు. అదీ పైకి పాకి ఒకే గీతై కూర్చుంది.

"మేడం, మార్కర్ గూడ అసలైన కారమేనా?" అని అడిగాడు, ముఖంలో నవ్వు లేకుండా.

రాత్రికి లీడరమ్మ నుంచి ఫోను. "రెండూ మంచియే అంటున్నవట గద బిడ్డా. గింత చదువు చదివి రెండింటి నడుమ ఫరక్ చెప్పకపోతె ఏం పరీక్ష అది? మా మనవరాలు నాకి చూసి చెప్తది" అంది. అత్త కారం గురించి ఆమె అన్నప్పుడు రెండో వరుసలో కలిగిన బాధ, నా పరీక్ష గురించి అన్నప్పుడు మొదటి వరుసలో, టికెట్టు కొనుక్కుని మరీ కూర్చుంది. తెల్లారే ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి ఇండెంటు మీద సంతకం పెట్టించుకున్నాను. వారం తిరగకుండా సిలికా జెల్ వచ్చింది.

ఈసారి అంతా పుస్తకం ప్రకారమే చేశాను. సిలికా జెల్‌ను నీళ్ళలో కలిపి పలకల మీద పరిచి, ఓవెన్‌లో ఆరబెట్టి, ద్రావణిగా పెట్రోలియం ఈథర్‌లో కొద్దిగా అసిటోన్ మాత్రమే కలిపాను. గట్టిగా పట్టుకునే ఇంటావిడ, నింపాదిగా కదిలే బస్సు. పొద్దున్నే ల్యాబుకు పోయి పలకలు నిలబెట్టి కూర్చున్నాను. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. అత్త కారం చుక్క మెల్లగా కదిలి, విచ్చుకుని, అన్నిటికంటే పైన పసుపు, దాని కింద ఎరుపు, ఇంకా కింద మరో ఎరుపు, నారింజ, అట్టడుగున ముదురు ఎరుపు, అయిదు రంగులుగా విడిపోయింది. పక్క పలక మీద ఆటో కారం మాత్రం ఒకే ఒక్క లావాటి నారింజ ఎరుపు మచ్చగా పైకి పోయింది. దాని కింద లీలగా ఏవో చారలున్నాయి, వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ అయిదు రంగుల్ని చూసి నేను ముచ్చటపడాల్సింది. ముచ్చటపడకుండా నిర్ఘాంతపోయాను. ఒక్క మచ్చ అంటే శుద్ధం అని నేనే కదా ప్రకటించాను! ఆ లెక్కన ఆటో కారం శుద్ధం, మా అత్త కారంలో అయిదు రంగుల కల్తీ. మిరపకాయలో ఉండేది ఒక్కటే ఎరుపని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఒక మామూలు ఎండుమిరపకాయను నలిపి పక్కన ఇంకో చుక్క పెట్టి పోల్చి చూడాలని తోచిందా? తోచలేదు. నాకు తోచింది ఒక్కటే: సత్యం ముందు చుట్టరికం లేదు. రక్తసంబంధాన్ని పక్కన పెట్టి నిజం చెప్పబోతున్న నా త్యాగానికి నాకే చేతులెత్తి మొక్కాలనిపించింది.

పలకలు రెండూ పరీక్ష అట్టల మధ్య పెడితే పొర రాలిపోతుందని, అందరికీ కనిపించేలా ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకుని బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. ఏప్రిల్ ఎండ. జనగామ నుంచి కొడకండ్ల దాకా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, అక్కడి నుంచి ఆటోలో ముందు కూర్చుని, చేయబోయే ప్రసంగం మనసులో వల్లించుకుంటూ పోయాను. వల్లింపులో మునిగి డబ్బా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. (ఫోటో తీసుకోలేదా అంటారేమో. తీశాను. నా బొటనవేలు, బీకరు అంచు చాలా చక్కగా వచ్చాయి.)

గిర్ని షెడ్డులో సంఘం ఆడవాళ్ళంతా కూర్చున్నారు. అత్త మర ఆపి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు ఎంతో ఆశగా చూసింది. నేను ఆమె ముఖం చూడకుండా మొదలుపెట్టాను. సైన్సుకు తనా పరా లేదన్నాను. ఆటో కారంలో ఒకే పదార్థం ఉందన్నాను. "మా అత్తమ్మ కారంల మాత్రం అయిదు రంగులున్నయ్" అన్నాను. అత్త పక్కనున్న బస్తా అంచు పట్టుకుంది. అప్పుడు నేను గొప్పగా డబ్బా మూత తీసి అత్త కారం పలకను పైకెత్తి చూపించాను.

పలక తెల్లగా ఉంది.

పసుపు లేదు, ఎరుపు లేదు, నారింజ లేదు. కళ్ళు చికిలిస్తే తప్ప కనిపించని లేత మరకలు రెండున్నాయేమో. తిరగేసి చూశాను. మళ్ళీ తిప్పి చూశాను. రెండో పలక తీస్తే ఆటో కారం మచ్చ మాత్రం పెళ్ళికూతురి బొట్టులా నిక్షేపంగా ఉంది.

"అయిదు రంగులన్నవ్. ఏవి బిడ్డా?" అని అడిగింది లీడరమ్మ.

"పొద్దున ఉండె" అన్నాను. నా జీవితంలో నేనిచ్చిన శాస్త్రీయ వివరణల్లో అంత చిన్నది మరొకటి లేదు.

షెడ్డంతా నవ్వు. నవ్వు ఆగాక లీడరమ్మ తీర్పు చెప్పింది. "గీమె కారం రంగు పొద్దుగూకకముందే పాయె. రేపు తొక్కుల ఎట్ల నిలుస్తది? ఆటో కారం రంగు చూడు, గట్టిగున్నది. ఒక్కటే పదార్థమని పిల్లనే చెప్పె." ఆ మాటతో ఒక్కొక్కరే లేచారు. పొద్దున అత్త దగ్గర పెట్టిపోయిన ఖాళీ డబ్బాల్ని ఎవరిది వాళ్ళు ఏరుకుని తీసుకుపోయారు. షెడ్డులో నేను, అత్త, మర మిగిలాం.

అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఎండల వడి వచ్చినవ్, అన్నం తిను" అని పళ్ళెం పెట్టింది. నేను తలవంచుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని మెల్లగా అంది: "చిన్నప్పటిసంది నా కారం తిన్న నోరే గదనే అది. గా నోటిని ఒక్కపారి అడుగకపోతివా?"

సగం పళ్ళెం వదిలేసి లేచాను. ఆ రోజు జనగామ దాకా ఎలా వచ్చానో నాకు గుర్తులేదు.

మర్నాడు ల్యాబులో ఆ రెండు పలకల్ని ముందేసుకుని కూర్చున్నాను. మా డిపార్టుమెంటు పెద్దసారు (రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు) వచ్చి ఏంది సంగతి అని అడిగాడు. ముగ్గుపిండి దగ్గర నుంచి అన్నం పళ్ళెం దాకా మొత్తం చెప్పేశాను. ఆయన అంతా విని, "ఏది పోయింది? ఏది ఉన్నది?" అని మాత్రం అడిగాడు.

"మా అత్త కారం రంగులు పోయినయ్ సార్. ఆటో కారం రంగు ఉన్నది."

"మిరపపండు రంగులు గాలికి, వెలుతురుకు ఓర్చుకోవమ్మా. తొక్కుల నూనె కాపాడుతది. గిట్ల పలుచని పొర మీద విడదీసి ఎండల పెడితె గంటలల్ల పోతయ్. పోకుంట మొండికేసిందంటె అది కాయల పుట్టిన రంగు కాదు" అన్నాడు. తర్వాత నేనెన్నడూ మరవలేని ప్రశ్న అడిగాడు: "పక్కన ఒట్టి మిరపకాయ చుక్క పెట్టినవా?"

అటెండరన్న బజారుకు పోయి ఎండుమిరపకాయలు తెచ్చాడు. కారంలో కలిపే దొంగరంగులు ఆ జాతివేనని పెద్దసారు చెబితే, బాటనీ ల్యాబులో గింజల్లోని నూనెచుక్కలకు పట్టించే ఎర్రరంగు సీసా ఒకటి ఉంటే అదీ తెచ్చాడు. ఒకే వెడల్పాటి పలక మీద నాలుగు చుక్కలు వరుసగా పెట్టాం. అత్త కారం, మిరపకాయ పక్కపక్కనే అయిదు మెట్లూ సరిసమానంగా ఎక్కాయి. ఆటో కారం లావు మచ్చ మాత్రం బాటనీ సీసా రంగుకు దగ్గరి చుట్టంలా దాని పక్కనే పోయి కూర్చుంది. నేను లెక్కలోకి తీసుకోని ఆ లీలగా ఉన్న చారలే అందులోని అసలు మిరపకాయ. పలకను కిటికీలో పెట్టాం. మధ్యాహ్నానికి మిరపకాయా పోయింది, అత్త కారమూ పోయింది. మిగతా రెండూ ఎండలో మెరుస్తూ నిలబడ్డాయి. అంటే నా పలక బస్సులోనే నిజం చెప్పేసింది. చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అక్కడ, నాకే అది అర్థం కాలేదు.

ఆదివారం మళ్ళీ బస్సెక్కాను. ఈసారి సామాను మొత్తం మోసుకుపోయి సంఘం ఆడవాళ్ళందరి ముందు షెడ్డులోనే ప్రయోగం చేసి చూపించాను. కాయలు వాళ్ళ ఇళ్ళలోంచే తెమ్మన్నాను. పలకను వాకిట్లో ఎండకు పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. రంగులు ఒక్కొక్కటే వెలిసిపోతుంటే ముసలవ్వలు కూడా వంగి వంగి చూశారు. చివరికి ఆటో కారం మచ్చ ఒక్కటే మిగిలినప్పుడు లేచి నిలబడి "తప్పు నాది" అన్నాను. ప్రసంగం వల్లించుకుని రాలేదు కాబట్టి అక్కడితో ఆగిపోయాను.

అందరూ మెత్తబడ్డారు గానీ అత్త మెత్తబడలేదు.

"గీడ ఉన్నోళ్ళు విన్నరు. రానోళ్ళ సంగతి? నా పేరు ఇల్లిల్లు తిరిగింది, నువ్వు గూడ తిరుగు" అంది. స్టీలు డబ్బా నిండా కారం పోసి నా చంకన పెట్టింది. ప్రతి ఇంటికీ పోయి, ఒక చెంచా కారం పెట్టి, తప్పు నాదని చెప్పి రావాలట. ఎమ్మెస్సీ పట్టభద్రురాలిని ఎర్రటి ఎండలో కారం డబ్బా పట్టుకుని గడప గడపా తిరిగాను. ఒక ఇంట్లో చాయ్ పోశారు, ఒక ఇంట్లో చీవాట్లు పెట్టారు, ఒక ఇంట్లో ముసలాయన విషయమంతా విని "ఇంతకు చెంచకు ఎంత బిడ్డా?" అన్నాడు. నాలుగో ఇంటికి నా వాక్యం తడబడటం మానేసింది. పదో ఇంటికి అందులో నా మీద నాకు జాలి కూడా పోయింది.

చివరి ఇల్లు లీడరమ్మది. పొద్దున సంఘంలో ఆమె ఎందుకో ఒక్క మాట మాట్లాడలేదు. నేను చెప్పాల్సింది చెప్పాక ఆమె నన్ను లోపలికి తీసుకుపోయి మూలనున్న జాడీ మూత తీసింది. నిండుగా తొక్కు. ఎర్రగా, నిగనిగలాడుతూ.

"మొన్ననే పెట్టిన. ఆటో కారంతోని. నువ్వు మంచిదన్నవని ఇంటిల్లిపాదికి ఏడాదికి సరిపోను పెట్టిన. పిల్లలు పొద్దుగాల గదే కలుపుకొని తిన్నరు. ఇప్పుడు దీన్ని ఏం చెయ్యమంటవ్ బిడ్డా?"

అత్త పేరు గురించే ఇన్నాళ్ళు కుమిలిపోయాను గానీ, నా ఒక్క మాట ఇంకో ఇంటి కంచాల్లోకి పోయిందని ఆ జాడీ ముందు నిలబడే దాకా నాకు తట్టలేదు. డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలుచుండిపోయాను. నా వెనకే ఎప్పుడు వచ్చిందో అత్త, గడప దాటి లోపలికి వచ్చి జాడీలోకి ఒకసారి చూసింది. ఊరందరి ముందు తనను నిలబెట్టిన లీడరమ్మను ఏమైనా అనడానికి అంతకంటే మంచి సమయం ఆమెకు మళ్ళీ దొరకదు.

"పారబొయ్యి అక్కా. పెరట్ల మా మామిడిచెట్టుకు కాయ ఇంక ఉన్నది. తెల్లారి మనిషిని తోలు, కారం నేను పట్టిచ్చి పెడత" అంది. లీడరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

బస్సు దగ్గర అత్త నా సంచిలో ఒక పొట్లం పెట్టింది. ఎక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా, "ఇగ దీనికి పరీక్షలు పెట్టకు. కూరల ఎయ్యి" అంది.

ఇప్పుడు నేను భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లో పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను. ఏటా ఎవరో ఒక పిల్ల పలక పట్టుకుని పరుగెత్తుకొచ్చి "మేడం, ఒక్కటే మచ్చ వచ్చింది, ప్యూర్!" అని గంతులేస్తుంది. ఆ వెలిగిపోయే ముఖం చూస్తే ఏమీ అనబుద్ధి కాదు. ఏ పొర, ఏ ద్రావణి, పక్కన ఏ చుక్క పెట్టావు అని అడుగుతాను గానీ, కొంచెం ఆగి అడుగుతాను.

అత్త మాట ఆ రోజు నేను పూర్తిగా వినలేదని ఇక్కడ ఒప్పుకోవాలి. జనగామ చేరిన మర్నాడు పొట్లం విప్పి ఒక చిటికెడు పలక మీద పెట్టాను. పరీక్షించడానికి కాదు, ఒట్టు. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటపడటం మరిచిపోయాను కదా, ఆ బాకీ తీర్చుకుందామని. అయిదు రంగులూ నింపాదిగా విచ్చుకుంటుంటే ఒక్కదాన్నే కూర్చుని చూశాను, అవి వెలిసిపోయే దాకా లేవలేదు. మిగతా కారమంతా కూరలోనే వేశాను. తింటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కారం ఘాటుకే అనుకోండి.